గీతయు, మాటయు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘ కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, సంగీత సాహిత్యములను గూర్చి వ్రాయగల పాండిత్యము నాకు లేదని మనవి చేసికొంటిని. “మీ వృత్తిని గూర్చియే వ్రాయుడు. అందులో మన భాష ప్రసక్తి ఎచ్చటనో ఒకచోట రాకపోదు” అని వారనిరి. ఆ మాట వారు మర్యాదకు అనిరేమో గాని, నాకు మాత్రము 1987లోని ఒక శుక్రవారపు సాయంకాలము గుర్తునకు వచ్చినది. ఆ సంగతి ఏటేట నా శిష్యులకు చెప్పుచునే యున్నాను. మనవారి యెదుట చెప్పుట ఇదియే మొదలు.

మా పూర్వులు నాయకరాజుల కాలమున మధురకు వచ్చి స్థిరపడినవారు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. ఈ మూటితో పెరిగినవాడను. అక్షరములు మా అవ్వ దిద్దించినది. వైద్యవిద్య ముగించిన పిమ్మట రేడియేషన్ చికిత్సను అభ్యసించి, మెదడునకు, వెన్నుపామునకు వచ్చు కంతులపై ఆ చికిత్సను యువ వైద్యులకు నేర్పుటలో నా వయస్సు గడపినాను. పదవీ విరమణ చేసినను నేర్పుట మానలేదు. ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి మూడేండ్ల ఎం.డి. చదువునకు వచ్చు ఈ వైద్యులను రెసిడెంటులందురు. పేరునకు తగినట్లుగనే వారు ఇంచుమించు ఆసుపత్రిలోనే నివసింతురు.

ఈ విద్యకు చెన్నపట్టణము క్రొత్త చోటు కాదు. జనరల్ ఆసుపత్రికి చెందిన బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైనది. మెదడు శస్త్రచికిత్సకు వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జాకబ్ చాందీ 1949లోను, చెన్నపట్టణమున డాక్టర్ బి. రామమూర్తి 1950లోను విభాగములు నెలకొల్పిరి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదల వలన అడయారు క్యాన్సర్ సంస్థ 1954లో వెలసినది. శస్త్రవైద్యుని చేయి ఎంత నేర్పు గలదైనను, మాటకును నడకకును మూలమైన చోటులలో వేరు దన్నిన కంతిని పూర్తిగా తీయజాలదు. తీయగా మిగిలినదానిని కిరణములకు అప్పగించవలెను. అచ్చటినుండి మా పని మొదలగును.

మా తొలి పాఠము పుస్తకమున లేదు. వచ్చిన వారములోనే ప్రతి రెసిడెంటును చికిత్సబల్లపై వెల్లకిల పరుండబెట్టి ముఖమునకు మాస్కు చేయింతును. చిల్లులు గల ఒక ప్లాస్టిక్ పలకను దాదాపు 70 డిగ్రీల వేడినీటిలో ముంచిన మెత్తబడును. దానిని ముఖముపై సాగదీసి అదిమిన, కొన్ని నిమిషములలో ముఖము యొక్క ఆకారమునే పొంది గట్టిపడును. అంచులను బల్లకు బిగింతురు. అటుపై తల కదలదు. రోగి ప్రతిదినము ఈ తొడుగులోనే పరుండవలెను. పది నిమిషములు ఆ విధముగ పడియుండి లేచిన వైద్యుడు, “కదలవద్దు” అని రోగితో అనుటలో కంఠస్వరము మారును. ఆ మార్పు కొరకే ఈ పాఠము.

రెండవ పాఠము గీత గీయుట. మాస్కుతో తీసిన సి.టి. చిత్రములపై ఎం.ఆర్.ఐ. చిత్రములను సరిపోల్చి, కంప్యూటరు తెరమీద ఒక్కొక్క పొరలో గీతలు గీయవలెను. మొదటి గీత కంటికి కనబడు కంతి చుట్టు. రెండవది, కనబడకుండ కణములు ప్రాకియుండగల భాగము చుట్టు. మూడవది, ప్రతిదినపు అమరికలో రాగల స్వల్పమైన తేడాకు విడుచు అంచు. ఇది సామాన్యముగ మూడు మొదలు ఐదు మిల్లీమీటర్లు. గ్లయోబ్లాస్టోమా యను క్రూరమైన కంతికి రెండవ గీతను ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దూరము జరుపుదుము. కాని ఎముక అడ్డు వచ్చినచోట, మెదడు రెండు భాగముల నడుమనున్న దళసరి పొర అడ్డు వచ్చినచోట, గీతను వెనుకకు తీయవలెను. కంతి ఆ గోడలను సులభముగ దాటదు. స్కేలుతో కొలిచినట్లు అన్ని వైపులకు సమానముగ జరిపినవానికి శరీరనిర్మాణము తెలియదని అర్థము.

నేడు కంప్యూటరే కొన్ని నిమిషములలో కన్నుల చుట్టు, దృష్టినరముల చుట్టు, మెదడుకాండము చుట్టు గీతలు గీసి ఇచ్చుచున్నది. అది మేలే. అయినను మొదటి సంవత్సరమున నా రెసిడెంటులకు ఆ సౌకర్యము ఉండదు. చేతితో గీయనివాడు యంత్రము చేసిన తప్పును పట్టజాలడు.

కిరణపు మోతాదును గ్రే అను కొలతతో లెక్కింతురు. గ్లయోబ్లాస్టోమాకు సామాన్యముగ 60 గ్రేలను 30 విడతలలో ఇత్తుము. మెదడుకాండమునకు 54 గ్రేల వరకు క్షేమమని మా లెక్క. దృష్టినరములకును ఇంచుమించు అంతియే. అరువది, ఏబదినాలుగు: ఈ రెండంకెల నడుమనే మా వాదములన్నియు జరుగును. వెన్నుపామునకు మరింత జాగ్రత్త కావలెను. దినమునకు రెండేసి గ్రేల చొప్పున మొత్తము 50 గ్రేలు పడినచో దెబ్బతిను అపాయము వేయింటికి రెండువంతులు. అదే 60 గ్రేలైనచో నూటికి ఆరు వంతులు. పది గ్రేల తేడాలో అపాయము ముప్పది రెట్లు పెరుగుచున్నది. పైగా ఆ దెబ్బ వెంటనే కనబడదు. నెలలు గడచి, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచి, కాళ్ళు పడిపోవును. అప్పటికి గీత గీసిన రెసిడెంటు పట్టము పుచ్చుకొని వేరొక ఊరిలో ఉండును. తన తప్పు తనకు తెలియకుండ పోగల వృత్తి ఇది. కనుకనే ఏ ఒక్కరి గీతతోను చికిత్స జరుగదు. రెసిడెంటు గీసినదానిని నేను, నేను దిద్దినదానిని వేరొక వైద్యుడు, మోతాదు లెక్కను ఫిజిసిస్టు పరీక్షించిన తరువాతనే యంత్రము కదలును.

కిరణమును ఇచ్చుట మాత్రమే గాక, ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు అసలే వద్దనవలెనో కూడ నేర్పవలెను. ఈ సందర్భమున డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పకుండ నేను పాఠము సాగించను. రాంట్జెన్ ఎక్స్‌కిరణములను కనుగొన్న 1895వ సంవత్సరముననే వారు భీమవరమున జన్మించిరి. చెన్నపురి వైద్య కళాశాలలో చదివి అమెరికా చేరి, లెడర్లీ సంస్థలో వారు నడపిన పరిశోధనల ఫలముగ మెథోట్రెక్సేటు వెలువడినది. మెదడులో పుట్టు లింఫోమా యను కంతికి నేడు ముఖ్యమైన ఔషధము అదియే. దాని వలన పెక్కుమందికి మెదడంతటికి కిరణములిచ్చు అవసరము తప్పినది, లేక మోతాదు తగ్గినది. అయితే కిరణములు తగిలిన మెదడునకు పిదప ఆ మందు హెచ్చుగ ఇచ్చినచో హాని కలుగగలదు. మందు ముందు, కిరణము వెనుక. ఈ వరుసను రెసిడెంటు మరువరాదు.

ఇక ఆ శుక్రవారము సంగతి.

1987లో నేనును రెసిడెంటునే. ఆసుపత్రి పేరు చెప్పను. సాయంకాలము కోబాల్టు యంత్రమును ఆపు వేళకు కోవిల్పట్టి ప్రాంతపు ప్రత్తి రైతు ఒకాయన చేతికర్రతో నడచుచు వచ్చెను. డెబ్బది యేండ్లుండవచ్చును. ప్రోస్టేటు క్యాన్సరు వెన్నుపూసకు ప్రాకినది. రెండు నెలలుగ నడుమునొప్పి. నేను తమిళమున ప్రశ్నలు వేసితిని. ఆయన నా చొక్కాపైనున్న పేరు చూచి, కోడలిని అడిగి చదివించుకొని, ముఖము విప్పార తెలుగుననే జవాబు చెప్పెను: “అయ్యా, రెండు దినాలుగా ఒంటికి సరిగా లేదు.”

ఒంట్లో బాగుగ లేదని నేను అర్థము చేసికొంటిని. క్యాన్సరు రోగికి ఒంట్లో బాగుగ ఉండునా? “నీరసము” అని కాగితముపై వ్రాసి, సోమవారపు జాబితాలో పేరు చేర్చి పంపివేసితిని. కాళ్ళ బలము కొంచెము తగ్గినదని చూచితిని గాని, పై వైద్యునికి ఫోను చేయలేదు. వెన్నుపాము వాపును తగ్గించు స్టీరాయిడు సూదియైనను వేయింపలేదు.

ఆదివారము ఉదయమునకు రెండు కాళ్ళును పడిపోయినవి. పొత్తికడుపు కుండవలె ఉబ్బియుండెను. గొట్టము వేయగా లీటరునకు మించి మూత్రము వచ్చినది. కోడలు వాకిట నిలబడి అనినది: “మామ ఆపొద్దే చెప్పినాడు గదయ్యా, ఒంటికి పోవడం లేదని.”

మన భాషలో ఒంటికి పోవుట యనగా ఏమో ఈ సంచికను చదువు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. మా ఇంట పిల్లలము ‘ఒకటికి’ అనుటకు అలవాటు పడినవారము. ఒళ్ళు, ఒంటి యను రెండు మాటలు విభక్తి చేరినప్పుడు ఒకే రూపము పొందునని ఆనాడు నాకు తట్టలేదు. తట్టకున్నను తిరిగి అడుగవచ్చును గదా. “ఒంటికి సరిగా లేదంటే ఏమిటి తాతా?” యను ఒక్క ప్రశ్న చాలియుండెడిది. వెన్నుపాము నలుగుచున్నదనుటకు మూత్రము ఆగుట కంటె స్పష్టమైన గుర్తు వేరొకటి లేదు. ఆయన దానిని తన నోటితో, నా తల్లిభాషలో, నాకే చెప్పెను.

సోమవారము చికిత్స మొదలుపెట్టితిమి. నొప్పి తగ్గినది. కాళ్ళు రాలేదు. శుక్రవారము సాయంకాలము వచ్చిన రోగికి సోమవారమే గతి యనుట ఆ ఆసుపత్రి పద్ధతిలోని లోపమే. కాని ఆ పద్ధతి చాటున నేను దాగుకొనజాలను. ఇంటికి పోవునాడు ఆయన నన్ను పిలిచి మాది ఏ ఊరని, మా అమ్మ ఉన్నదా యని అడిగెను. అప్పుడు మొదటిసారిగ ఆయనతో తెలుగున మాటలాడితిని.

నడచుచు చికిత్సకు వచ్చినవారిలో ఎక్కువమంది నడచుచునే ఇంటికి పోవుదురు. నడక పోయిన పిదప వచ్చినవారిలో తిరిగి నడచువారు కొందరే. నలుబది సంవత్సరములలో యంత్రములు మారినవి గాని ఈ సత్యము మారలేదు. తగిన రోగులకు ముందు శస్త్రచికిత్స చేసి పిదప కిరణములిచ్చినచో నూటికి 84 మంది నడువగలిగిరనియు, కిరణములు మాత్రమే ఇచ్చినచో 57 మంది యనియు 2005లో ప్రకటితమైన పరిశోధన వలన తెలిసినది. కనుక రెసిడెంటు ఆ రాత్రియే మెదడు శస్త్రవైద్యుని లేపవలెను. శస్త్రచికిత్సకు తగని దుర్బలులకు ఒకే విడతగ 8 గ్రేలిచ్చినను, నడక విషయమున ఫలితము ఐదు విడతల చికిత్సకు చేరువగనే యుండునని 2019లో వెలువడిన పరిశోధన చూపినది. దూరపు పల్లెనుండి వచ్చిన వృద్ధునకు ఇది ఎంత మేలో చెప్పనేల?

నా విభాగమున ఒక నియమము కలదు. నడుమునొప్పితో వచ్చిన క్యాన్సరు రోగిని రెసిడెంటు ముందు నాలుగడుగులు నడిపించి చూడవలెను. కాళ్ళలో స్పర్శ చూడవలెను. మలమూత్రముల సంగతి అడుగవలెను. గడియారము ఏ వేళ చూపినను ఆ దినముననే నిర్ణయము జరుగవలెను. దీనితోపాటు ప్రతి రెసిడెంటు ఒక నోటుపుస్తకము ఉంచుకొనవలెను. అందులో మందుల పేర్లుండవు. రోగులు వాడు మాటలుండును. తిమ్మిరి వేరు, మొద్దుబారుట వేరు, చీమలు ప్రాకినట్లుండుట వేరు, కాళ్ళు తేలిపోవుట వేరు. ఏ మాట ఏ ఊరివారు ఏ యర్థమున అనిరో వ్రాసికొనవలెను. తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము, హిందీ, వంగభాష, ఏ భాషయైనను సరే. అందరి పుస్తకములలోను మొదటి మాట నేనే వ్రాయింతును: ‘ఒంటికి’.

ఈ నియమము ఊరక పోలేదని తెలిపిన ఒక సంగతి చెప్పి ముగించెదను. కొంతకాలము క్రిందట గోదావరి జిల్లానుండి ఒక అమ్మాయి రెసిడెంటుగ వచ్చినది. ఆమె రెండవ సంవత్సరమున హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబమొకటి తొమ్మిదేండ్ల బాలికను తీసికొని వచ్చిరి. చిన్నమెదడులో పుట్టు మెడుల్లోబ్లాస్టోమా. శస్త్రచికిత్స జరిగినది. ఈ కంతి కణములు మెదడు వెన్నుల చుట్టునున్న ద్రవములో తేలి ఎచ్చటికైనను పోగలవు. కనుక తలనుండి వెన్ను చివర వరకు కిరణములు ఇయ్యవలెను. ఈ పద్ధతి వలన పిల్లలు బ్రదుకగలరని మాంచెస్టరునుండి పాటర్సన్, ఫార్ అను వైద్యులు 1953లో ప్రకటించిరి. నేడు మందుల తోడ్పాటుతో, అపాయము తక్కువగానున్న పిల్లలకు మెదడు వెన్నులకు 23.4 గ్రేలను 13 విడతలలో ఇచ్చి, కంతి యున్న చోటునకు మాత్రము 54 వరకు పెంచుదుము. మొత్తము ఆరు వారములు.

ఆ అమ్మాయి శ్రద్ధగ గీతలు గీసినది. ముక్కు పైకప్పున జల్లెడవంటి చిన్న ఎముక కలదు. మెదడు పొర ఆ చిల్లులవరకు దిగియుండును. కన్నులు రెండును దానికి ఇరుప్రక్కల ఉన్నవి. బిడ్డ కన్నులను కాపాడవలెనను ఆత్రముతో ఆమె గీతను పైకి లాగినది. జల్లెడ ఎముక సగము బయట మిగిలినది. పాతకాలమున కంతి తిరిగి వచ్చుచుండిన చోటులలో ఇది యొకటి. నేను తప్పని చెప్పక, ఆ పొరను పెద్దది చేసి చూడుమంటిని. ఆమె కొంతసేపు చూచి, ఏమియు అనక, గీతను నాలుగు మిల్లీమీటర్లు దింపినది. దయతో గీసినదైనను తప్పుగీత తప్పుగీతయే.

మరునాడు ఆమె బాలిక అవ్వతో మాటలాడుచుండగా వెనుక నిలబడి వింటిని. ఈ చికిత్సను మనవారు ‘కరెంటు పెట్టుట’ యందురు. ఆ మాట ఎంత భయమును మోయునో మేము తరచుగ మరతుము.

“కరెంటు పెడితే బిడ్డకు షాకు కొట్టదా తల్లీ?”

“కొట్టదు అవ్వా. ఎక్స్‌రే తీసినప్పుడు పాపకు ఏమైనా తెలిసిందా? ఇదీ అంతే. తగిలినట్టే ఉండదు. గదిలో ఒక్కతే పడుకోవాలి, కానీ నేను బయట నుంచి చూస్తూ, మాట్లాడుతూ ఉంటాను.”

అటుపై కష్టమైన మాటలు వచ్చినవి. వెన్ను ఎదుగుదల కొంత తగ్గును గనుక పొడవు తగ్గవచ్చుననియు, చదువు మునుపటివలె వేగముగ పట్టుబడకపోవచ్చుననియు, హార్మోనులను ఏండ్ల తరబడి పరీక్షింపవలెననియు ఆ అమ్మాయి దాచక చెప్పినది. అవ్వ చాలసేపు మాటలాడలేదు. “బిడ్డ ఉంటుందా?” యని మాత్రము అడిగినది. “ఉండడానికే ఇదంతా అవ్వా. ఎక్కువమంది పిల్లలు ఉంటున్నారు. నూటికి నూరు అని మాత్రం నేను చెప్పలేను” అని జవాబు. ఇంతకంటె మంచి జవాబు నాకును తెలియదు.

పదునొకండవ విడత ముగిసినప్పుడు తండ్రి వచ్చి, ఉగాదికి ఊరికి పోయి పది దినములలో తిరిగి వత్తుమనెను. ఈ చికిత్స నడుమ ఆగరాదు. ఆగినచో మిగిలిన కణములు తిరిగి పెరుగును, కంతి మరల వచ్చు అపాయము హెచ్చును. ఆ సంగతి అమ్మాయి చెప్పగా తండ్రి సందేహించెను గాని, అవ్వయే తేల్చివేసినది: “పండగ ఎక్కడ చేసినా పండగే. ఇక్కడే చేద్దాం.” ఆ ఉగాదినాడు ఆసుపత్రి వెనుకనున్న అద్దెగదిలో పచ్చడి చేసి, స్టీలు గిన్నెలో తెచ్చి టెక్నీషియనుకు, అమ్మాయికి, నాకును తలా ఒక చెంచా పెట్టినది. బాలిక ఆనాటి విడతను ముగించుకొని, మాస్కు చిల్లుల గుర్తులు నుదుట ఉండగనే వేపపువ్వు చేదునకు ముఖము చిట్లించినది. ఇప్పుడు ఆరు నెలలకొకసారి పరీక్షకు వచ్చుచున్నది. ఎక్కములు ఆలస్యముగ వచ్చుచున్నవట. పాటలు మాత్రము త్వరగనే వచ్చుచున్నవట.

చదువరులకు నా మనవులు రెండు. ఇంట పెద్దవారికి నడుమునొప్పితోపాటు కాళ్ళు తేలిపోయినను, ఒంటికి పోవుట కష్టమైనను, సోమవారము వరకు ఆగక ఆ పూటయే ఆసుపత్రికి తీసికొని పొండు. ముందు క్యాన్సరు వచ్చియున్నచో ఆ మాట మొదటనే వైద్యునికి చెప్పుడు. ఇక రెండవది: మన పిల్లలలో ఎందరో నేడు వైద్యులగుచున్నారు. వారికి తెలుగు పద్యములు రాకపోయిన పోవచ్చును గాని, అవ్వలు తాతలు తమ బాధను చెప్పుకొను మాటలనైనను నేర్పుడు. సరిహద్దు దాటి వచ్చి తరములు గడచినను మన పెద్దలు నొప్పి వచ్చినప్పుడు తెలుగుననే చెప్పుదురు. ఆ మాట వినుటకు ఎదుట ఒకరు ఉండవలెను.